గిరినాగు జాతులు, మైటోకాండ్రియా జీనోము: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంతకాలం ఒకే జాతిగా లెక్కించిన రాచనాగును (గిరినాగును) నాలుగు జాతులుగా విడదీసిన పరిశోధన 2024 అక్టోబరులో వెలువడింది. అప్పటి నుంచి ఉత్తరాంధ్రలో గిరినాగును చూసేవారు, జీవశాస్త్ర విద్యార్థులు, పాములను పట్టి అడవిలో వదిలే కార్యకర్తలు దాదాపు ఒకే రకమైన సందేహాలను మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు. వాటిని అడిగినవారి మాటల్లోనే ఉంచి, ఒక్కొక్కటి విడిగా చదివినా అర్థమయ్యేలా ఇక్కడ జవాబులు కూర్చాము.

## మొదటి సందేహాలు

మైటోకాండ్రియా జీనోము అంటే ఏమిటి? పాము మొత్తం జీనోముకూ దీనికీ తేడా ఏమిటి?

కణానికి శక్తిని అందించే మైటోకాండ్రియాల్లో, కేంద్రకంలోని డీఎన్‌ఏ కాక, ఉంగరంలా గుండ్రంగా ఉండే చిన్న డీఎన్‌ఏ ఒకటి ఉంటుంది. పాముల్లో దీని పొడవు సాధారణంగా 17,000 నుంచి 18,000 అక్షరాల (డీఎన్‌ఏను కట్టే రసాయన ముక్కల) దాకా ఉంటుంది. మనిషిలో ఇది 16,569 అక్షరాలు. ఇందులో 37 జన్యువులు ఉంటాయి: ప్రోటీన్లను తయారుచేసేవి 13, బదిలీ ఆర్‌ఎన్‌ఏలకు చెందినవి 22, రైబోసోము ఆర్‌ఎన్‌ఏలకు చెందినవి 2. పాము కేంద్రకంలోని జీనోము వంద కోట్ల అక్షరాలకు పైబడి ఉంటుంది కాబట్టి, దానితో పోలిస్తే ఇది ఒక పెద్ద గ్రంథం పక్కన పెట్టిన చీటీ వంటిది.

అంత పెద్ద గ్రంథాన్ని వదిలి ఈ చీటీని ఎందుకు చదువుతారు?

మొదటి కారణం దొరకడం. ఒక కణంలో కేంద్రక డీఎన్‌ఏ రెండు ప్రతులే ఉంటే, మైటోకాండ్రియా డీఎన్‌ఏ వందల, వేల ప్రతులుగా ఉంటుంది; అందుకే ఎండిన కుబుసంలోనూ, పాత మ్యూజియం నమూనాలోనూ ఇది మిగిలే అవకాశం ఎక్కువ. రెండవది, ఇది తల్లి నుంచి మాత్రమే వస్తుంది, తండ్రి వైపు డీఎన్‌ఏతో కలిసి ముక్కలు మార్చుకోదు; కాబట్టి తల్లి వంశాన్ని తరాల వెనక్కి నేరుగా గీయవచ్చు. మూడవది, ఇందులో మార్పులు కేంద్రక జన్యువుల కంటే వేగంగా పోగుపడతాయి కాబట్టి, దగ్గరి బంధువుల మధ్య తేడా కూడా కనబడుతుంది. అన్నిటికీ మించి, ఇతరులు చదివి జెన్‌బ్యాంకు అనే బహిరంగ డీఎన్‌ఏ భాండాగారంలో ఉంచిన వరుసలతో వెంటనే పోల్చుకోవచ్చు. అరుదైన పాముల విషయంలో ఈ సౌకర్యం చాలా పెద్దది.

గిరినాగు, రాచనాగు, నల్లత్రాచు ఒకటేనా? ఇది నాగుపాములో పెద్ద రకమా?

గిరినాగు, రాచనాగు అనేవి ఒకే పాముకు పేర్లు. నల్లత్రాచు అనే మాటను కొందరు ఈ పాముకూ, కొందరు ముదురు రంగులో ఉన్న మామూలు నాగుపాముకూ వాడుతున్నారు కాబట్టి, రాతలో దాన్ని విడిచిపెట్టడమే మేలు. పడగ విప్పినంత మాత్రాన గిరినాగు నాగుపాముల ప్రజాతికి చెందదు. నాగుపాములది నాజా ప్రజాతి, గిరినాగుది ఆఫియోఫేగస్. ఆ మాటకు పాములను తినేది అని అర్థం, దాని ఆహారం కూడా ప్రధానంగా పాములే. రెండూ ఇలాపిడే కుటుంబంలోనివే, కట్లపాము కూడా అదే కుటుంబం. అయితే ఆ కుటుంబంలో గిరినాగుకు అతి దగ్గరి చుట్టం ఎవరన్నదానిపై పరిశోధనలు ఏకాభిప్రాయానికి రాలేదు: వాడిన జన్యువులను బట్టి, చేర్చిన జాతులను బట్టి దాని స్థానం మారుతూ వచ్చింది.

ఆ నాలుగు జాతులు ఏవి?

ఆఫియోఫేగస్ హన్నా అనే పాత పేరు ఉత్తరాది జాతికి మిగిలింది. హిమాలయ పాదభూములు, తూర్పు భారతం, మయన్మారు, ఇండోచైనా, థాయిలాండు మధ్యభాగం దాకా దాని విస్తృతి. ప్రకృతి శాస్త్రవేత్త థియొడోర్ క్యాంటర్ 1836లో సుందరవనాల పామును చూసి ఆ పేరు పెట్టాడు కాబట్టి, అక్కడి వంశానికే ఆ పేరు దక్కుతుంది. మలయా ద్వీపకల్పం, సుమత్రా, బోర్నియో, జావా వైపు ఉన్నది ఆఫియోఫేగస్ బంగారస్. ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ దీవిలో ఉన్నది ఆఫియోఫేగస్ సాల్వటానా, పడమటి కనుమల్లో ఉన్నది ఆఫియోఫేగస్ కాళింగ. చివరి రెండింటికీ 2024లోనే పేర్లు పెట్టారు.

బంగారస్ అనే మాట తెలుగువారికి తెలిసిన మాటే. స్కాట్లాండు వైద్యుడు, ప్రకృతి పరిశీలకుడు పాట్రిక్ రస్సెల్ 18వ శతాబ్దం చివర విశాఖపట్నంలో పనిచేస్తూ, ఇక్కడివారు 'బంగారు పాము' అనడం విని రాసుకున్నాడు. అది లాటిను వేషం వేసుకుని కట్లపాముల ప్రజాతికి పేరైంది. 1837లో ఒక గిరినాగు జాతి పేరులోకీ చేరిన ఆ మాట, తెలుగు నేల మీద లేని పాముకు ఇప్పుడు స్థిరపడింది.

కాళింగ అన్నారు కదా, అంటే కళింగ దేశపు పాము, మన శ్రీకాకుళం పామేనా?

కాదు. చాలామంది పొరబడుతున్నది ఇక్కడే. కన్నడంలో రాచనాగును కాళింగ సర్పం అంటారు. పడమటి కనుమల జాతికి ఆ పేరు పెట్టారు. కళింగ దేశానికీ ఆ పేరుకూ సంబంధం లేదు. శ్రీకాకుళం నుంచి మన్యం, విశాఖ ప్రాంతాల దాకా తూర్పు కనుమల్లో ఉన్న గిరినాగును ఉత్తరాది జాతి అయిన ఆఫియోఫేగస్ హన్నా కిందే లెక్కిస్తున్నారు. పెద్ద పాముల్లో కంటికి కనిపించే తేడా ఒంటి మీది పట్టీలు: కాళింగలో అవి 40కి మించవు, అంచుల్లో నల్లగీత ఉండదు, హన్నాలో 50 నుంచి 70 దాకా ఉంటాయి, అంచులు నల్లగా ఉంటాయి. కళింగ సీమలో ఉన్నది కాళింగ కాదనడం వినడానికి చిత్రంగానే ఉంటుంది.

## నమూనా, అనుమతులు

పొలంలో గిరినాగు కుబుసం దొరికింది. దాని నుంచి డీఎన్‌ఏ తీయవచ్చా?

తీయవచ్చు, పామును ముట్టుకోకుండా దొరికే నమూనా కాబట్టి ఇది మంచి మార్గం కూడా. ఎండకు, వానకు డీఎన్‌ఏ చిన్న ముక్కలుగా విరిగిపోతుంది, బూజు పట్టిన కుబుసంలో బూజు డీఎన్‌ఏయే ఎక్కువగా వస్తుంది. కాబట్టి విడిచిన కొత్తలోనే తీసుకోవాలి. చేతికి తొడుగు వేసుకుని, పొడిగా ఉన్న కాగితపు కవరులో పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ నిలిచి కుబుసం పాడవుతుంది. దొరికిన చోటు, తేదీ రాయని కుబుసం వంశవృక్షానికి దాదాపు నిరుపయోగం. ముందుగా అటవీశాఖకు తెలియజేయడం తప్పనిసరి అని భావించండి.

రోడ్డు మీద చచ్చిన పాము నుంచి చిన్న ముక్క తీసుకోవడానికి కూడా అనుమతి కావాలా?

కావాలి. గిరినాగు, కొండచిలువ రెండూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. చచ్చిన జంతువు, దాని శరీర భాగాలు కూడా చట్టం పరిధిలోనివే. పరిశోధకులు రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి నుంచి రాతపూర్వక అనుమతి పొందాలి. నమూనా దేశం దాటాలంటే జీవవైవిధ్య చట్టం, అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం కింద వేరే అనుమతులు అవసరమవుతాయి. అనుమతితో తీసిన కండరం ముక్కను 95 శాతానికి తగ్గని ఇథనాలులో ఉంచాలి. ఫార్మాలిన్‌లో వేయవద్దు.

రక్తం తీస్తే పాముకు ప్రమాదమా? ఎంత కావాలి?

తర్ఫీదు పొందిన పశువైద్యులు తోక వైపు సిర నుంచి తీస్తే కొద్ది చుక్కలు చాలు. పాముల ఎర్ర రక్తకణాల్లో, మనవాటిలా కాక, కేంద్రకం ఉంటుంది కాబట్టి, ఒక్క చుక్కలోనే కేంద్రక డీఎన్‌ఏ సమృద్ధిగా దొరుకుతుంది. పొట్ట కింది పొలుసు అంచును కత్తిరించడం ఇంకా తేలికైన పద్ధతి.

వందేళ్ళ నాటి మ్యూజియం నమూనాల వల్ల ఇప్పుడు ప్రయోజనం ఉందా?

చాలా ఉంది. జాతి పేరు ఏ నమూనాను చూసి పెట్టారో ఆ నమూనాకే అంటిపెట్టుకుని ఉంటుంది. కాబట్టి ఒక జాతిని విడదీసినప్పుడు పాత పేరు ఏ వంశానికి చెందుతుందో తేల్చడానికి మ్యూజియం సీసాలనే తెరవాలి. ఫార్మాలిన్ డీఎన్‌ఏను ప్రోటీన్లతో బిగించి ముక్కలు చేస్తుంది కాబట్టి అలాంటి నమూనాల నుంచి కేంద్రక జన్యువులు రావడం కష్టం. ఎక్కువ ప్రతులున్న మైటోకాండ్రియా డీఎన్‌ఏ మాత్రం కొన్నిసార్లు చిన్న చిన్న తునకలుగా దొరుకుతుంది. డీఎన్‌ఏ రాకపోయినా పొలుసుల లెక్క, పట్టీల లెక్క ఉంటాయి.

## చదవడం, కూర్చడం

నా కూర్పులో (చదివిన డీఎన్‌ఏ ముక్కలను కలిపి అమర్చిన జీనోములో) నియంత్రణ ప్రాంతం రెండుసార్లు వస్తోంది. తప్పు చేశానా?

చాలావరకు మీ తప్పు కాదు, అది పాముల లక్షణం. వెన్నెముక గల జంతువుల్లో ఎక్కువ భాగానికి, జీనోము ప్రతులు తీయడం మొదలుపెట్టే నియంత్రణ ప్రాంతం ఒకటే ఉంటుంది. గుడ్డిపాముల్లో కూడా ఒకటే. కానీ కొండచిలువలు, రక్తపింజరులు, నాగుపాములు చేరిన పెద్ద శాఖలో ఇది రెండు చోట్ల ఉంటుంది: ఒకటి మామూలు చోట, రెండవది ఎన్‌డీ1, ఎన్‌డీ2 అనే ప్రోటీను జన్యువుల మధ్య. 1998లో జపాను శాస్త్రవేత్తలు ర్యూక్యూ దీవుల అకమాటా పాము మైటోకాండ్రియా జీనోమును పూర్తిగా చదివి, 17,191 అక్షరాల ఆ ఉంగరంలో రెండు నియంత్రణ ప్రాంతాలు ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు ఉన్నాయని చూపించారు.

ఆశ్చర్యం రెండు ఉండటంలో కంటే, అవి ఒకేలా ఉండటంలో ఉంది. కోట్ల ఏళ్ళ కిందట రెండైన భాగాలు ఎవరి దారిన అవి మారిపోవాలి. అలా జరగలేదు. ఒకే పాములోని రెండు ప్రతులను పోలిస్తే తేడా ఉండదు, వేరే జాతి పాముతో పోలిస్తే మాత్రం తేడా ఉంటుంది. అంటే ఒక ప్రతిలో వచ్చిన మార్పు రెండవదానికీ చేరుతూ, రెండూ జంటగా మారుతున్నాయన్నమాట.

పని చేసేవారికి దీని వల్ల వచ్చే చిక్కు వేరు. నూట యాభై అక్షరాల చిన్న చదువులతో (యంత్రం ఒక్కసారికి చదివే ముక్కలతో) కూర్చినప్పుడు, దాదాపు వెయ్యి అక్షరాలున్న రెండు ఒకేలాంటి భాగాలను సాఫ్టువేరు ఒకటిగా కలిపివేస్తుంది, లేదా ఉంగరాన్ని అక్కడ తెంపివేస్తుంది. మీ కూర్పులో నియంత్రణ ప్రాంతం ఒకటే వస్తే, అప్పుడు అనుమానించాలి. పొడవైన చదువులు వాడాలి, లేదా రెండు ప్రాంతాల ఇరుపక్కల ఉన్న జన్యువుల నుంచి ప్రైమర్లు (కావలసిన భాగానికి ప్రతులు తీయించే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) వేసి విడివిడిగా తీసి చూడాలి.

ప్రోటీను జన్యువు మధ్యలో ఆగిపొమ్మనే సంకేతం కనిపిస్తోంది. నమూనా పాడైందా?

ముందు మీరు వాడిన సంకేత పట్టికను చూడండి. వెన్నెముక గల జంతువుల మైటోకాండ్రియాకు వేరే పట్టిక ఉంది: మామూలు పట్టికలో ఆగిపొమ్మనే టీజీఏ ఇక్కడ ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం అవుతుంది, ఏజీఏ, ఏజీజీలు అర్జినిన్ కావు. విద్యార్థుల నుంచి వచ్చే ఫిర్యాదుల్లో సగం ఇక్కడే తీరిపోతాయి. సరైన పట్టిక పెట్టినా సంకేతం మధ్యలో వస్తే, మీకు దొరికింది అసలు మైటోకాండ్రియా జన్యువు కాక, ఎప్పుడో కేంద్రకంలోకి చేరి మూలపడిన దాని నకలు కావచ్చు. జన్యువు చివర టీ లేదా టీఏ మాత్రమే ఉండటం మాత్రం దోషం కాదు. మిగిలిన అక్షరాలు ఆర్‌ఎన్‌ఏ తయారయ్యాక చేరతాయి.

మొత్తం జీనోము చదవాలా? సైటోక్రోము బి అనే మైటోకాండ్రియా జన్యువు ఒక్కటి చాలదా?

ఈ మాంసం ముక్క ఏ పాముది అన్నదే ప్రశ్న అయితే ఒక్క జన్యువు చాలు. దగ్గరి జాతుల విడిపోయిన క్రమం, పాత కొమ్మల అమరిక తెలియాలంటే పూర్తి జీనోము ఎక్కువ బలాన్నిస్తుంది. ఉన్న డబ్బుతో రెండు పాముల పూర్తి జీనోములు చదవడమా, నలభై పాముల ఒక్కో జన్యువు చదవడమా అన్న ఎంపిక వస్తే, జాతుల హద్దుల ప్రశ్నకు నలభై పాములనే ఎంచుకోవాలన్నది మా అభిప్రాయం.

## వంశవృక్షం

37 జన్యువులూ ఒకే వృక్షాన్ని చూపిస్తే సందేహం తీరినట్టే కదా?

తీరినట్టు కాదు. 37 జన్యువులూ ఒకే ఉంగరంలో కట్టకట్టుకుని తల్లి నుంచి పిల్లకు వస్తాయి కాబట్టి, అవి 37 మంది సాక్షులు కావు. ఒకే సాక్షి 37 వాక్యాలు చెప్పినట్టు. ఆ సాక్షికి తండ్రి వైపు ఏం జరిగిందో తెలియదు.

దీనికి మంచి ఉదాహరణ అమెరికాలోని తూర్పు ఇండిగో పాము. ఫ్లోరిడా, జార్జియాల్లో ఉండే ఈ పెద్ద విషరహిత పామును 1978లో ముప్పు ఉన్న జాతిగా ప్రకటించారు. మైటోకాండ్రియా డీఎన్‌ఏలో స్పష్టమైన రెండు వంశాలు కనిపించడంతో 2016లో దీన్ని రెండు జాతులుగా విడదీశారు. 2019లో మరో బృందం కేంద్రక డీఎన్‌ఏను పరిశీలించి, ఆ రెండు వంశాల మధ్య జన్యువులు ధారాళంగా కలుస్తున్నాయని చూపించింది. కారణం మగపాములు. ఆడవి పుట్టిన చోటికి దగ్గరగా ఉండిపోతే, మగవి దూరం తిరిగి అక్కడి ఆడవాటితో కలుస్తాయి. పిల్లల్లో తండ్రి జన్యువులు సగం చేరతాయి కానీ, తండ్రి మైటోకాండ్రియా చేరదు. అందువల్ల తల్లి వంశం పటం మీద గోడ కట్టినట్టు కనిపిస్తుంది. నిజానికి ఆ గోడకు తలుపు తెరిచే ఉంది. గిరినాగు విషయంలో, 2024లో పేర్లు పెట్టడానికి ముందే వచ్చిన 2021 నాటి అధ్యయనం కేంద్రక జన్యువులను, శరీర లక్షణాలను కూడా కలిపి చూసింది కాబట్టే, ఆ విభజనకు ఇండిగో పాము విభజన కంటే గట్టి పునాది ఉంది.

మైటోకాండ్రియా వృక్షం పూర్తిగా తప్పుదారి పట్టించిన సందర్భం ఉందా?

ఉంది. మైటోకాండ్రియా ప్రోటీన్లను మాత్రమే తీసుకుని వృక్షం గీస్తే, పాములు తొండల కుటుంబానికి దగ్గరి చుట్టాలుగా వస్తాయి. మన ఇంటి ఆవరణలోని తొండ ఆ కుటుంబంలోదే. కేంద్రక జన్యువులు ఈ చుట్టరికాన్ని బలపరచవు. 2009లో అమెరికా శాస్త్రవేత్తలు దీనికి కారణం చూపించారు: శక్తి ఉత్పత్తికి సంబంధించిన ఆ ప్రోటీన్ల మీద రెండు వర్గాల్లోనూ ఒకే రకమైన ఒత్తిడి పడి, వేర్వేరుగానే ఒకేలాంటి మార్పులు వచ్చాయి. పోలికను చూసి గణితం చుట్టరికమనుకుంది. వృక్షం కొమ్మ మీద బలం (ఆ కొమ్మ నిజమని గణన చెప్పే నమ్మకం) నూటికి నూరు అని రాసి ఉన్నా, ఇలాంటి పొరపాటుకు అది అడ్డుకాదు.

ఎన్ని శాతం తేడా ఉంటే కొత్త జాతి అవుతుంది?

అలాంటి అంకె లేదు. ఎవరైనా మూడు శాతమో ఐదు శాతమో చెబితే, ఏ జన్యువులో, ఏ వర్గంలో, ఎన్ని నమూనాల మీద అని అడగండి. రెండు చివర్ల నుంచి మాత్రమే పాములను తీసుకుంటే మధ్యలో క్రమంగా మారుతున్న జనాభా కూడా రెండు ముక్కలుగానే కనిపిస్తుంది.

ఒకే పాము శాస్త్రీయ నామం ఇన్నిసార్లు ఎందుకు మారుతుంది?

చైనాలోని హునాన్, గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రాల్లో, మాంగ్షాన్ కొండల వైపు మాత్రమే ఉండే పింజరి కథ చూడండి. 1990లో దాన్ని ట్రైమెరెసూరస్ ప్రజాతిలో వర్ణించారు. తరువాత శాస్త్రవేత్త ఝావో ఎర్‌మీ గౌరవార్థం ఎర్‌మియా అనే సొంత ప్రజాతినిచ్చారు. ఆ పేరు అప్పటికే ఒక మిడతకు ఉండటంతో ఝావోఎర్‌మియాగా మార్చారు. డీఎన్‌ఏ చదివాక ఆ పాము ప్రోటోబోత్రోప్స్ ప్రజాతి లోపలి కొమ్మ అని తేలి, అందులో కలిపారు. మాంగ్షాన్ పింజరి అంతరించే ముప్పు ఉన్న జాతి. పేరు మారినప్పుడల్లా అనుమతి పత్రాల్లో, వాణిజ్య జాబితాల్లో రెండు పేర్లూ వెతకాల్సిరావడం కాపలా సిబ్బందికి నిజమైన తలనొప్పి.

## సంరక్షణ

ఒక జాతి నాలుగైతే పాములకు లాభమా, నష్టమా?

పాముల సంఖ్య మారలేదు, మన లెక్క మారింది. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం ఎర్రజాబితాలో రాచనాగును, ఒకే జాతి అనుకున్న రోజుల్లో, హాని పొందగల జాతిగా చేర్చారు. భారతం నుంచి ఫిలిప్పీన్స్ దాకా విస్తరించిన జాతికి వేసిన ఆ అంచనా, ఒక్క లూజాన్ దీవికో, ఒక్క పడమటి కనుమల వరుసకో పరిమితమైన జాతికి సరిపోదు. ప్రతి జాతికీ విడిగా అంచనా వేయాలి.

పట్టిన గిరినాగును ఏ అడవిలో వదిలినా ఒకటేనా?

ఒకటి కాదు. పట్టిన చోటికి వీలైనంత దగ్గరగా, అటవీశాఖ చెప్పిన చోటే వదలాలి. దూరం తీసుకుపోతే పాము దారి తప్పి తిరుగుతుంది. వేరే వంశం ఉన్న అడవిలో వదిలితే ఆ రెండు వంశాలూ కలిసే అవకాశం కూడా ఉంది. ఫ్లోరిడా చిత్తడి నేలల్లోకి మనుషుల వల్ల చేరిన బర్మా కొండచిలువల్లో ఇది కనిపించింది: 2018లో సుమారు 400 పాములను పరీక్షించగా, 13 పాముల్లో మన భారత కొండచిలువ జన్యువుల ఆనవాళ్ళు బయటపడ్డాయి. పైకి బర్మా కొండచిలువలే. రెండు జాతులు ఎప్పుడో కలిశాయని డీఎన్‌ఏ చెప్పింది.

అధికారులు పట్టుకున్న చర్మం, మాంసం ఏ పాముదో తేల్చగలరా?

తేల్చగలరు. హైదరాబాదులోని సీసీఎంబీకి (కణ, అణు జీవశాస్త్ర కేంద్రానికి) చెందిన, అత్తాపూర్‌లో ఉన్న లాకోన్స్ ప్రయోగశాల వన్యప్రాణి కేసుల్లో ఈ పనే చేస్తుంది. సీసీఎంబీ శాస్త్రవేత్తలు సునీల్ కుమార్ వర్మ, లాల్జీ సింగ్ 2003లో ప్రకటించిన ప్రైమర్లు మైటోకాండ్రియాలోని సైటోక్రోము బి ముక్కను ఎన్నో రకాల జంతువుల నుంచి తీయగలవు. లాల్జీ సింగ్ తొలి పేరు తెచ్చుకున్నది కూడా పాము డీఎన్‌ఏతోనే: బంగారు కట్లపాములో గుర్తించిన ఒక పునరావృత వరుసే తరువాత మన దేశంలో డీఎన్‌ఏ వేలిముద్రలకు ఆధారమైంది. అయితే మైటోకాండ్రియా పరీక్ష తల్లి జాతినే చెబుతుంది. సంకర జంతువు అని అనుమానం ఉంటే కేంద్రక గుర్తులు (కేంద్రక డీఎన్‌ఏలో పోల్చి చూసే భాగాలు) కూడా చూడాలి.

జాతులు మారాయి కాబట్టి విరుగుడు మందు కూడా మారుతుందా?

మన దేశంలో వాడే బహుళ ప్రతివిషం నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషాలకు వ్యతిరేకంగా తయారైనది. గిరినాగు విషం అందులో ముందు నుంచీ లేదు. థాయిలాండు రెడ్‌క్రాస్ సంస్థ గిరినాగుకు ప్రత్యేక ప్రతివిషం తయారుచేస్తుంది. కాటు పడితే జాతి పేరు తేల్చుకుంటూ కూర్చోకుండా, ఊపిరికి యంత్ర సహాయం అందించగల ఆసుపత్రికి వెంటనే చేరాలి.

తూర్పు కనుమల గిరినాగు మీద పరిశోధన మొదలుపెట్టాలనుకుంటున్నాను. ఏ ప్రశ్న తీసుకోవచ్చు?

ఇక్కడి పాములకు ఒడిశా, బెంగాల్ పాములతో ఇంకా రాకపోకలు ఉన్నాయా, లేక పొలాలు, రోడ్లు, గనుల మధ్య విడిపోయిన గుంపులుగా మిగిలాయా అన్నది తీసుకోదగిన ప్రశ్న. మైటోకాండ్రియా ఒక్కదానితో దీనికి జవాబు రాదు. ప్రతి నమూనాతో పాటు మగదా, ఆడదా అన్నది, ఖచ్చితమైన చోటును నమోదు చేయండి. మైటోకాండ్రియా జీనోముతో పాటు కేంద్రక గుర్తులనూ చదవండి. తల్లి వంశాలు విడిగా ఉండి కేంద్రక గుర్తులు కలిసి ఉంటే మగపాములు ఇంకా దాటుతున్నాయని, రెండూ విడిగా ఉంటే దారి చాలాకాలంగా మూసుకుపోయి ఉండవచ్చని అనుమానించాలి. ఇటీవల మూసుకున్న దారి జన్యువుల్లో వెంటనే కనబడదు కాబట్టి, మెడకు రేడియో కట్టలేని ఈ పాముకు శరీరం లోపల ట్రాన్స్‌మిటర్ అమర్చి చేసే అనుసరణ కూడా అవసరమవుతుంది. దానికి అనుమతులు రావడానికి పట్టే కాలాన్ని మీ ప్రణాళికలో ముందే కలుపుకోండి.